కార్డు మారితే అడిగే మాట

దావణగెరె,
నవంబరు 14.

ప్రియమైన వేణీ,

ఈ రోజు అయిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం, రెండు బకెట్ల బట్టలు, స్టూడియో వరండా కడగడం, రొట్టెలు, హరిహర పెళ్ళివారి ఆల్బములకు అట్టపెట్టెలు కట్టడం, నువ్వు పడుకున్న గది దుప్పట్లు ఉతికి ఆరేయడం. మిగిలినవి: వేరుసెనగ చట్నీ పొడి, నీకు ఉత్తరం. చట్నీ పొడి రేపటికి వాయిదా వేశాను.

ధార్వాడ హాస్టల్ విడిచినప్పటి నుంచి మనకు ఉత్తరాలే బాగా కుదిరాయి. ఫోన్లో అయితే నువ్వు “ఊఁ” అంటూ ఉంటావు, నేను కూర మాడ్చుకుంటాను.

నువ్వు వెళ్ళిన దగ్గర నుంచి మా ఆయన నోట నీ పేరు తప్ప మరొకటి లేదు. “వేణిగారు ఆరు డిస్కుల్ని కలిపి ఒక్కటి చేశారు. కంప్యూటరుకి అదొక్కటే పెద్ద డిస్కులా కనిపిస్తుంది. ఆరింట్లో రెండు చచ్చినా ఒక్క ఫోటో పోదు, తెలుసా?” గడప తొక్కిన ప్రతివాడికీ ఇదే కథ. నిన్న పాలవాడికి కూడా చెప్పారు. “బాగుంది సార్. మా బర్రెలకి కూడా అలాంటిదేదైనా ఉందేమో ఆ అమ్మగారిని అడగండి” అన్నాడు వాడు.

నిన్ను పిలిపించమన్నది నేనే. ఎవరో స్టూడియోవాళ్ళు పాడైన డిస్కును పాతసామాన్లవాడికి అమ్మితే, అందులోని పెళ్ళికూతుళ్ళ ఫోటోలు ఊరంతా తిరిగాయని విని భయపడి, “మా వేణి ఇలాంటి పనే చేస్తుంది, తాళం వేసి ఇస్తుంది” అన్నాను. వేసి ఇచ్చావు. సంతోషమే.

ఒక్క సంగతి. ఆ తాళానికి ఆయన చేత ఏదో పాస్‌వర్డ్ కొట్టించావట. అదేమిటో రాయి. ఈ ఇంట్లో స్టోరుగది నుంచి బ్యాంకు లాకరు దాకా తాళంచెవులన్నీ నా కొంగునే ఉన్నాయి. ఇదొక్కటి బయట ఉండటం బాగోలేదు.

నీ
శివలీల


హుబ్బళ్ళి,
నవంబరు 22.

శివా,

నాకు తెలిస్తే కదే రాయడానికి! ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తల పక్కకు తిప్పుకోవడం మా పనిలో మర్యాద. రుద్రేశ్‌గారు కొడుతున్నంతసేపూ గోడమీది మీ పెళ్ళి ఫోటో చూస్తూ కూర్చున్నాను. అప్పట్లో నీ జడ ఎంతుండేదే!

అది నీ బీరువా తాళంలాంటిది కాదు. రోజూ చెవి అడగదు. ఆరు డిస్కులనూ కలిపి పట్టుకునే కార్డు ఒకటి ఆ పెట్టెలో ఉంది. చెవి దాని దగ్గరే ఉంటుంది కాబట్టి ప్రతి ఉదయం అదే తీసుకుంటుంది. ఎప్పుడైనా ఆ కార్డు కాలిపోయి కొత్తది పెట్టాల్సి వస్తే, కొత్త కార్డుకు ఏమీ తెలియదు. అప్పుడు అడుగుతుంది. చెప్పలేకపోతే ఆరు డిస్కులూ ఆరు ఇటుకలు. నేను కాదు కదా, వాటిని తయారు చేసినవాళ్ళు కూడా తెరవలేరు. అందుకని ఆయన్ను అడిగి నువ్వూ గుర్తుపెట్టుకో.

రెండు డిస్కులు పోయినా పని ఆగకపోవడం వేరు, మరోచోట నకలు ఉండటం వేరు. నకలు ఒకటి తీసి వేరే ఇంట్లో పెట్టమని మరీ మరీ చెప్పి వచ్చాను. గుర్తుచెయ్యి.

వేణి


దావణగెరె,
డిసెంబరు 9.

వేణీ,

భోజనం దగ్గర అడిగాను.

“ఏమండీ, ఆ పాస్‌వర్డ్ ఏమిటి?”

“నీకెందుకే అది? ఏదైనా అయితే వేణిగారు చూసుకుంటారుగా.”

“నాకు చెబితే ఏం పోతుంది?”

“పోవడానికేముంది, చెప్పినా నీకు అర్థం కాదు” అంటూ మజ్జిగ పోసుకున్నారు.

స్టూడియో మొదలైన నాటి నుంచి ఆల్బములు అతికింది నేను. ఎవరి పెళ్ళి ఏ డబ్బాలో ఉందో, ఎవరికి ఎన్ని ప్రింట్లు వెళ్ళాయో నన్నడగకుండా ఆయన ఒక్క కవరు బయటికి పంపరు. ఇన్నేళ్ళలో “మా శివలీల ఇది చేసింది” అని పాలవాడికి చెప్పగా వినలేదు. నువ్వు వచ్చావు, తెర ముందు కూర్చున్నావు, మహానుభావురాలివైపోయావు.

అసలు సంగతే రాస్తాను, దాచుకుంటే నాకు అరగదు. నువ్వు వెళ్ళే రోజు నేను మేడమీద బట్టలు తీస్తున్నాను. నువ్వు తెర ముందు నుంచి లేవలేనన్నావని ఆయన వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చారు. నాకు కాన్పు అయినప్పుడు కూడా పొయ్యి వెలిగించని మనిషి! చక్కెర డబ్బా ఎక్కడుందో ఎలా తెలిసిందో! నువ్వు “భలే ఉందండీ” అన్నావు. కిందికి వచ్చి గిన్నెలో మిగిలింది నోట్లో పోసుకుని చూశాను. పాలు అడుగంటాయి. అడుగంటిన కాఫీ భలే ఎలా ఉంటుందే?

ఇంకొకటి. మా పెళ్ళి ఫోటోలో నీకు నా జడే కనిపించిందా? పక్కన నిలబడినాయన కనిపించలేదా?

శివలీల


హుబ్బళ్ళి,
డిసెంబరు 20.

శివలీలకు,

శివా అని రాయబుద్ధి కాలేదు.

నాకూ నాలుక ఉంది, కాఫీ అడుగంటిందని తెలిసింది. ఇంటి యజమాని స్వయంగా పెట్టి తెస్తే “మాడ్చారండీ” అంటారా ఎవరైనా? మీ అత్తగారు పెట్టిన ముద్దకట్టిన ఉప్మా నువ్వు ఎన్నేళ్ళు మెచ్చుకున్నావు?

నీకు అనాలని ఉన్నది సూటిగా అను. జడ మీద నుంచి, కాఫీ మీద నుంచి చుట్టు తిరిగి రావద్దు.

పాస్‌వర్డే కదా నీ బాధ? మార్చుకోవచ్చు. అందుకు నేను మీ ఊరు రానక్కరలేదు. ఎక్కడ నొక్కాలో విడిగా రాసి దీంతో పెడుతున్నాను. మొదటి గడిలో ఆయన పాతది కొట్టాలి. తరువాత ఆయన లేస్తారు, నువ్వు కూర్చుంటావు. కొత్తది రెండుసార్లు కొట్టు. ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, లేకపోతే తీసుకోదు. లోపలి ఫోటోలకు ఏమీ కాదు. చెవి మారుతుందంతే.

నాగవేణి


దావణగెరె,
జనవరి 5.

వేణీ,

మార్చాం.

ఆయన కుర్చీలో కూర్చుని పాతది కొట్టారు. ఆయన ఏది కొట్టినా ఒంటివేలితో, పైకి గొణుగుతూ కొడతారు. వెనక నిలబడి విన్నాను. ఏమిటనుకున్నావు? స్టూడియో పేరు, వీధి నంబరు, ఒక చుక్క! బోర్డు మీద రాసి ఉన్న అడ్రసు! ఇంత చప్పిడి మాటనా నా దగ్గర దాచింది? లోపల ఏదైనా రహస్యం ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. దాచడానికి ఏమీ లేకపోయినా నాకు చెప్పలేదు చూడు, దానికి ఒళ్ళు మండింది.

“లేవండి” అన్నాను. లేచారు. కూర్చుని, అప్పుడు మనసులో ఏముందో అదే కొట్టాను, రెండుసార్లు. తీసుకుంది.

“ఏం కొట్టావే?”

“చెప్పినా మీకు అర్థం కాదు” అన్నాను.

ఎంత హాయిగా ఉందో! ఆ వేళ రొట్టెలు కూడా ఎన్నడూ లేనంత పలచగా వచ్చాయి. ఇప్పుడు అది నాకొక్కదానికే తెలుసు. నీకు అసలే చెప్పను.

శివలీల


హుబ్బళ్ళి,
జనవరి 15.

శివా,

సంతోషం. నాకు చెప్పకు, నాకక్కరలేదు. రుద్రేశ్‌గారికి మాత్రం చెప్పు. రేపు నీకు జ్వరమొచ్చి మంచమెక్కితే ఆయన ఎవర్ని అడగాలి? నకలు తీశారా? నువ్వు నవంబరు నుంచి ఆ ఊసే ఎత్తలేదు.

వేణి


హుబ్బళ్ళి,
మార్చి 18.

శివా,

ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. శివమొగ్గలో మీ అక్క కంటి ఆపరేషన్ బాగా అయిందని రుద్రేశ్‌గారు చెప్పారు. నువ్వు అక్కడుండి విన్నావు, నేను మీ స్టూడియోలో ఉండి చూశాను. చూసింది నీకు తెలియాలి.

అంతకు ముందురాత్రి ఉరుములకు కరెంటు ఎగసి కార్డు మాడిపోయింది. నేను కొత్త కార్డు సంచిలో పెట్టుకుని రైలెక్కి వచ్చాను. బిగించాను. ఆరు డిస్కులూ బాగానే ఉన్నాయి, కాని కొత్త కార్డు వాటిని ఎరగనంది. తెరమీద ఒక్క గడి వచ్చి నిలబడింది. నకలు ఏదండీ అంటే రుద్రేశ్‌గారు నేల చూశారు.

అప్పటికే బసవనగౌడ అనే ఆయన వచ్చి కూర్చుని ఉన్నాడు. సాయంత్రం ఏడింటికి ఆయన కూతురి రిసెప్షన్, అక్కడ పెళ్ళి సినిమా వేయాలి. ఆయన భార్య ఆ పెళ్ళయిన వారానికే పోయిందట, రిసెప్షన్ అందుకే ఇన్నాళ్ళు ఆగిందట. ఆవిడ కూతురి తలమీద అక్షతలు వేసిన దృశ్యం ఈ లోకంలో ఆ ఆరు డిస్కుల్లో తప్ప ఎక్కడా లేదు. ఈ సీజనులో మీరు తీసిన మిగతా పెళ్ళిళ్ళన్నీ కూడా అందులోనే.

నీకు ఫోను చేశారు. నువ్వు ఏమన్నావు? “రేపు పొద్దున బస్సుకి వచ్చి నేనే కొడతాను.”

“రేపొద్దున వస్తే ఏం లాభం తల్లీ, రిసెప్షన్ ఈ సాయంత్రమే కదా” అన్నాడు గౌడ.

అప్పుడు “ముందు ఆ స్పీకరు తీసేయండి” అన్నావు. “తీసేశాను” అన్నారు మీ ఆయన. తీయలేదు. ఆయనకు తీయడం రాదు.

కొట్టేది నేను. నువ్వు ఒక్కో ఇంగ్లీషు అక్షరం చెబుతున్నావు. గౌడకు తొందర, నాకు వినబడదేమోనని నీ వెనకే వేలంపాటలా అరుస్తున్నాడు. “పెద్ద వి! ఇ! ఎన్! ఐ!” అక్కడికి నా పేరు పూర్తయింది. నా వేళ్ళు ఆగాయి.

“ఏమైందమ్మా, మీట పనిచేయడం లేదా?”

“పనిచేస్తోందండీ.”

తరువాతవీ కొట్టాను. వేణి మా ఇంటికి రాకూడదు. ఒకటి. ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యార్థకం. యంత్రం ఒక్క గుర్తే అడుగుతుందే, రెండోది నీ సొంత ఖర్చా?

పచ్చదీపాలు ఆరూ వెలిగాయి. మీ ఇంట్లో మీ కుర్చీలో కూర్చుని, నన్ను రావద్దని నా చేత్తోనే కొడితే తలుపు తెరుచుకుంది. గౌడ కళ్ళు తుడుచుకుని, “ఎవరమ్మా పాపం, ఈ వేణి?” అన్నాడు.

“నాకు తెలియదండీ” అన్నాను.

రుద్రేశ్‌గారు ఎటు చూడాలో తెలియక “కాఫీ తాగుతారా?” అన్నారు. రైలుందని చెప్పి వచ్చేశాను. రైలు ఇంకా రెండు గంటలకు గాని లేదు.

వేణి


దావణగెరె,
మార్చి 29.

వేణీ,

ఈ రోజు పనులు: అప్పడాలు, స్టూడియో దుమ్ము దులపడం, నకలు డిస్కు కొనిపించడం. ఫోను ఎత్తకపోవడం పనుల్లోకి రాదనుకో, కాని అది అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టింది.

సిగ్గుతో ఎత్తలేదు. అక్క కళ్ళకు కట్టు కట్టి ఉంది, నా ముఖం చూడలేదు కాబట్టి బతికిపోయాను. ఒక్కో అక్షరం చెబుతుంటే అక్క, “ఎవర్నే తిడుతున్నావు?” అంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అయినా తెలిసిపోయింది.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక, “వేణిగారు లేకపోతే మనం వీధిన పడేవాళ్ళం” అని మాత్రం అన్నారు. అంటే మళ్ళీ వేణిగారే! నువ్వు వచ్చి కాపాడితే నీ గొప్ప, నేను చెప్పి కాపాడితే నా సిగ్గు. ఇదెక్కడి న్యాయమే?

సిగ్గు ఎంత నిజమో కోపమూ అంతే నిజం. అందుకే ఒకటి అడుగుతున్నాను. మాటల్లో ఆయన నోరు జారారు. నువ్వు వెళ్ళే రోజు తెల్లారేసరికే డిస్కులు సిద్ధమైపోయి ఉన్నాయట, తెరమీద నూరు శాతం అని ఉందట. మరి సాయంత్రం దాకా తెర ముందు నుంచి లేవలేనని ఎందుకన్నావు? పొద్దున రైలుకి ఎందుకు వెళ్ళలేదు?

అబద్ధం రాయాలనుకుంటే ఉత్తరమే రాయకు.

శివలీల


హుబ్బళ్ళి,
ఏప్రిల్ 6.

శివా,

రెండు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను.

ఆ రోజు పనేమీ లేదు. “ఇంకా ఉందాండీ?” అని ఆయన అడిగితే “చూస్తూ ఉండాలి” అన్నాను. చూడటానికి ఏమీ లేదు.

మీ ఆయన కోసమా? కాదు. కాదని రాసి, కలం పక్కన పెట్టి, నిజమేనా అని మళ్ళీ నన్ను నేనే అడిగాను. నేను అడగకుండా ఒకరు నాకోసం పొయ్యి వెలిగించడం నా ఇంట్లో జరగదు. మీ ఇంట్లో జరుగుతోంటే చూడాలనిపించింది. వెలిగించింది మీ ఆయనేనని నాకు తెలుసు, తెలిసీ కూర్చున్నాను. అంతవరకు నీ కోపం న్యాయమే.

మేడమీద నుంచి నువ్వు “ఏమండీ, వాన వచ్చేట్టుంది, ఒక చెయ్యి వేయండి” అని కేకేశావు. ఆయన “ఆఁ, ఆఁ, వస్తున్నా” అంటూ కుర్చీలోంచి కదలలేదు. నువ్వు మళ్ళీ కేకేశావు, ఆయన మళ్ళీ “ఆఁ” అన్నారు. నాకు ఎంత అసూయ పుట్టిందో నీకు తెలియదు. నేను కేకేస్తే కదలకుండా కూర్చునేవాడు కూడా లేడు.

ఇది చెప్పాను గనక నీ తప్పు రద్దయిందనుకోకు. నువ్వు నాకు ఒకటి బాకీ. ఆ మాటను ముక్కలు ముక్కలుగా, ఫోన్లో, ఊళ్ళోవాడి గొంతుతో నాకు వినిపించావు. హాస్టల్లో నన్ను ఎన్నిసార్లు తిట్టావు, అన్నీ ఎదురుగా నిలబడే తిట్టావు. ఇదీ అలాగే కావాలి. వచ్చి, నా ముఖం చూసి, మొత్తంగా ఒక్కసారి అను. అనలేకపోతే నాకు ఇక ఉత్తరం రాయకు.

వేణి


దావణగెరె,
ఏప్రిల్ 19.

వేణీ,

నిన్న నీ దగ్గర నుంచి వచ్చేసరికి పొద్దు గుంకింది. ఈ రోజు పనులు: ఊరెళ్ళడం వల్ల మిగిలిపోయిన బట్టలన్నీ, జొన్నలు బాగుచేసి మరకు పంపడం, ఇద్దరికి ఆల్బములు ఇవ్వడం, ఇంకా కింద రాసినవి.

రైల్లో హావేరి దాకా ఆ మాటను మనసులో అనుకుంటూనే వచ్చాను, మరిచిపోతానేమోనని కాదు, మెత్తబడిపోతానేమోనని. నువ్వు తలుపు తీశావు. “ముందు కాళ్ళు కడుక్కో” అంటావేమో, అంటే ఇక అనలేనని, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే అనేశాను.

“వేణి మా ఇంటికి రాకూడదు!”

నీ ఎదురింటి ముసలాయన పేపరు దించి చూశాడు. నువ్వు నన్ను ఎగాదిగా చూసి, “సరే, రాను. ఇది నా ఇల్లు. లోపలికి రావే, ఎండలో నిలబడి తిడితే వడదెబ్బ తగులుతుంది” అన్నావు. అప్పుడు నాకు వచ్చింది నవ్వో ఏడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. నీకు తేలితే రాయి.

నీకు అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతాను. నువ్వు కొత్తిమీర కోసం కిందికి వెళ్ళినప్పుడు నీ ఇల్లంతా తిరిగి చూశాను. మంచం మీద పుస్తకాలు, కిటికీలో సగం తాగి వదిలేసిన టీ. ఆ కప్పు అక్కడ ఎందుకుందని నిన్ను అడిగేవాళ్ళు లేరు. మధ్యాహ్నం ఏం వండుతావని అడిగేవాళ్ళు లేరు. నీ కుర్చీలో కాసేపు కూర్చున్నాను, ఎవరూ పిలవలేదు. నువ్వు మా ఇంట్లో ఒక పగలంతా ఎందుకు కూర్చున్నావో అక్కడ నాకు అర్థమైంది. అసూయ పోయిందని రాయను. ఇప్పుడు ఆ కుర్చీ మీద కూడా పుట్టింది.

ఇంటికి వచ్చి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాతది నేనే కొట్టాను, చివరిసారి. కొత్తదానిలో సగం ఆయన చెప్పారు, సగం నేను చెప్పాను. అందులో నీ పేరు లేదు. ఇద్దరికీ తెలుసు, నీకు తెలియదు, అదే పద్ధతి. కొట్టేటప్పుడు ఆయన గొణగకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. నకలు డిస్కు శివమొగ్గలో అక్క బీరువాలో ఉంది.

వానలకు ముందు కరెంటు తీగలవీ చూడాలన్నావు. వచ్చేటప్పుడు ఒక రోజు పనికి, ఒక రోజు ఊరికే ఉండటానికి అని చెప్పి రా. అబద్ధం చెప్పి ఉండనక్కరలేదు.

పనుల పట్టీలో చివరిది, నిన్న అయినది: వేణికి బాకీ ఉన్న మాట. ఆమె గుమ్మంలో, ఆమె ముఖం చూసి, ఒక్క ఆశ్చర్యార్థకంతో చెల్లించాను. ఇక ఏమీ లేదు.

నీ
శివ